చరిత్ర చదివే అమ్మాయికి ఖగోళశాస్త్రం ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో చరిత్ర, ఎకనామిక్స్ చదువుతోంది. వచ్చే సెమిస్టర్‌లో ఎలక్టివ్‌గా ఖగోళశాస్త్రం తీసుకుంటానంటోంది. పదో తరగతి తర్వాత సైన్స్ జోలికే పోలేదు. ఉద్యోగానికి ఇదేం పనికొస్తుంది? మార్కులు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి)

జవాబు: ఉన్నమాట చెప్తానండీ. ఈ ఒక్క కోర్సు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. అయినా తీసుకోనివ్వండి.

ఎండాకాలం ఎందుకొస్తుందని మీ అమ్మాయిని అడిగి చూడండి. 'భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి' అని పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా తడుముకోకుండా చెప్పేస్తారు. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదట్లో. జులై మొదట్లో ఆ దూరం 15.2 కోట్లు. ఉత్తరార్ధగోళంలో జనవరి చలికాలం కదా! అసలు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఉండటం. బాగా తెలుసనుకున్నదే ఇలా తారుమారైతే, 'నాకిది ఎలా తెలుసు?' అనే ప్రశ్న దానంతటదే పుడుతుంది. చరిత్ర చదివే పిల్లకు ఆ ప్రశ్నే ప్రాణం.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఇంకొకటుంది. యురేనస్ నడకలో తేడా చూసి, కనబడని గ్రహమేదో దాన్ని లాగుతోందని ఫ్రాన్స్‌కు చెందిన ఖగోళ శాస్త్రవేత్త లెవెరియే లెక్కకట్టాడు. 1846లో బెర్లిన్‌లో గాలె అనే ఖగోళ శాస్త్రవేత్త టెలిస్కోప్‌తో వెతికితే, ఆయన చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత బుధుడి కక్ష్యలోనూ తేడా కనబడితే, అక్కడా తెలియని గ్రహం ఉండాలన్నాడు లెవెరియే. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. దశాబ్దాలు వెతికినా దొరకలేదు, ఎందుకంటే అలాంటి గ్రహమే లేదు. 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతమే మార్చాక గానీ ఆ లెక్క సరిపోలేదు.

అదే మనిషి, అదే పద్ధతి. ఒకసారి నిజమైంది, ఒకసారి తప్పింది. మీ అమ్మాయి రేపు ఆడిటింగ్‌లోకి వెళ్లినా, జర్నలిజంలోకి వెళ్లినా, ఒక లెక్క కుదరనప్పుడు మన కంటపడని అంకె ఏదైనా ఉందా, లేక మనం నమ్ముకున్న సూత్రమే తప్పా అని ఆగి చూడగలగాలి. అది ఈ కోర్సులో బాగా అలవాటవుతుంది.

మార్కుల సంగతికొస్తే, కోర్సు సైన్స్ చదవనివాళ్ల కోసం పెట్టిందేనా, ఫిజిక్స్ తప్పనిసరా అని లెక్చరర్‌ను ముందే అడగమనండి. మొదటి రకమైతే నిష్పత్తులు, గ్రాఫులు, పెద్ద అంకెలను పది ఘాతాల్లో రాయడం వస్తే చాలావరకు నెట్టుకురావచ్చు.

ఈలోగా ఒక నెలపాటు చంద్రుణ్ణి గమనించమనండి. ఎన్నింటికి కనబడ్డాడు, ఏ దిక్కున, ఏ ఆకారంలో అని నోట్‌బుక్‌లో బొమ్మ గీసి రాసుకోవాలి. సగటున రోజుకు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడని తన రాతల్లోంచే తేలుతుంది. రెండో వారానికే విసుగొస్తే వేరే ఎలక్టివ్ చూసుకోవచ్చు. మబ్బు పట్టిన రోజు కూడా కిటికీ దగ్గరికెళ్లి తొంగి చూస్తోందంటే, ఫారం నింపేయమనండి.