తలలైటు సెల్ గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య దీవెనలు.

రాత్రిపూట నీళ్లు కట్టడానికి కొన్న తలలైటు గంటకే డీలా పడుతోందని, దాంట్లోకి ఏ సెల్ కొనాలో చెప్పమని అడిగావు. పాములు తిరిగే గట్ల మీద లైటు ఆరిపోకూడదు. అంతకంటే ముందు, ఆ సెల్ వల్ల ఇంట్లో నిప్పు పుట్టకూడదు. అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

అది 18650 లిథియం అయాన్ సెల్. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, చివరి సున్నాకి అర్థం గుండ్రటి గొట్టమని. పైన 3.6 అనో 3.7 వోల్టులనో రాసి ఉంటుంది. నిండా చార్జ్ అయితే 4.2 ఉంటుంది, 3కి దిగిందంటే ఖాళీ కింద లెక్క. 4.2 దాటనివ్వకు, 2.5 కిందికి పోనివ్వకు. మిగతా జాగ్రత్తలన్నీ వీటి చుట్టూ తిరిగేవే.

కొనేటప్పుడు జరిగే మోసమంతా ఎంఏహెచ్ అంకెలోనే, అంటే సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకెలోనే. మంచి కంపెనీల 18650లు ఇంచుమించు 3500 దగ్గర ఆగిపోతాయి. 6800, 9900 అని అచ్చేసిన సెల్ కనిపిస్తే ఇంకేమీ అడక్కుండా పక్కన పెట్టెయ్. ఆ గొట్టంలో అంత పట్టదు. అలాంటి వాటిలో వెయ్యి కూడా ఉండనివి బోలెడు. బంగారం కొట్టు త్రాసు మీద తూయించు: అసలు సెల్ 45 నుంచి 49 గ్రాములు తూగుతుంది, 35 గ్రాములే ఉందంటే లోపల సరుకు లేనట్టే. బరువు సరిపోయినంత మాత్రాన నమ్మొద్దు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి పీకిన సెల్స్‌కి కొత్త తొడుగు వేసి అమ్మేవాళ్లున్నారు, అవీ అంతే తూగుతాయి. మైనస్ చివర వెల్డింగ్ చుక్కల మచ్చలు, గీతలు ఉన్నాయేమో చూడు.

నీ లైటు మామూలుగా ఒకటి నుంచి మూడు ఆంపియర్ల కరెంటు లాగుతుంది. కాబట్టి 15, 20 ఆంపియర్లిచ్చే సెల్ నీకు అక్కర్లేదు. ఒకే సైజు గొట్టంలో ఆంపియర్లు పెంచితే ఎంఏహెచ్ తగ్గుతుంది. శాంసంగ్ 35ఈ (3500 ఎంఏహెచ్, 8 ఆంపియర్లు), ఎల్‌జీ ఎంజే1 (3500 ఎంఏహెచ్, 10 ఆంపియర్లు) లాంటివి నీకు సరిపోతాయి. ఎక్కువ దూరం కొట్టే పెద్ద టార్చికైతే శాంసంగ్ 30క్యూ మేలు, 3000 ఎంఏహెచ్ అయినా 15 ఆంపియర్లు ఇస్తుంది.

అయితే ఒకటి. ఈ కంపెనీలు ఇలాంటి సెల్స్‌ని, కొన్నిటిని కలిపి బ్యాటరీ ప్యాక్‌లు కట్టేవాళ్ల కోసమే చేస్తాయి, విడిగా వాడొద్దని వాళ్లే చెబుతారు. ప్యాక్‌లో కాపలా కాసే సర్క్యూట్ ఉంటుంది, ఉత్త సెల్‌లో ఉండదు. అందుకని నువ్వు అడుగున చిన్న సర్క్యూట్ బిళ్ల అతికించిన సెల్ కొనుక్కో. ప్రొటెక్షన్ ఉన్న సెల్ ఇవ్వమంటే ఇస్తారు. షార్టయినా, మరీ కిందికి దిగినా అది కరెంటు కోసేస్తుంది. ఆ బిళ్ల వల్ల పొడవు 68 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. నీ లైటు డబ్బాలో అంత చోటుందో లేదో స్కేలుతో కొలిచాకే డబ్బులివ్వు, బలవంతంగా దూర్చొద్దు. మన దేశంలో అమ్మే సెల్ మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, ప్రమాణం నంబరు ఐఎస్ 16046, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది.

పై తొడుగు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఈ సెల్ ఇనప గొట్టం మొత్తం మైనస్సే, అడుగు భాగం ఒక్కటే కాదు. పైన ప్లస్ బొడిపె, దాని చుట్టూ అంచు మళ్లీ మైనస్. రెండిటికీ మధ్య దూరం మహా అయితే రెండు మూడు మిల్లీమీటర్లు. ఆ అంచు దగ్గర పల్చటి ప్లాస్టిక్ తొడుగు, దాని కింద చిన్న కాగితం బిళ్ల, ఈ రెండే అడ్డం. తొడుగు చిరిగిన సెల్‌ని ఇనుము తగిలే చోట పెడితే షార్టవుతుంది, క్షణాల్లో చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. అందుకే జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి ఎప్పుడూ వెయ్యకు. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకో. తొడుగు ఎక్కడైనా చిరిగితే వాడటం ఆపి కొత్తది వేయించు. 18650కి సరిపోయే గొట్టం తొడుగులు దొరుకుతాయి. ముందు కాగితం బిళ్ల పెట్టి, తర్వాత తొడుగు ఎక్కించి, జుట్టు ఆరబెట్టే మిషన్ గాలితో బిగిస్తారు. అగ్గిపుల్లతో, లైటర్‌తో ఆ పని చెయ్యనివ్వకు.

ఇక చార్జింగ్. ఇంట్లో గోడ ప్లగ్గులోకి నేరుగా గుచ్చే పాత టార్చి ఉంటే, అందులో 18650 పెట్టే ఆలోచనే రానీయకు. దాంట్లో ఉండేది 4 వోల్టుల లెడ్ బ్యాటరీ. అది నిండేసరికి 4.8 దగ్గరికి పోతుంది, అక్కడ ఆపే ఏర్పాటు కూడా ఉండదు. లిథియం సెల్‌ని అందులో అతికిస్తే 4.2 దాటి ఎక్కించుకుంటూనే పోతుంది, ఆ తర్వాత లోపలి పదార్థం తనంతట తానే వేడెక్కి మంట పుడుతుంది. రిపేరు షాపులో ఎవరైనా చవగ్గా మార్చి ఇస్తామన్నా ఒప్పుకోకు. అలాగే 3.2 వోల్టులని రాసిన సెల్ ఇంకో రకం. 3.65 దగ్గరే నిండిపోతుంది కాబట్టి 4.2 చార్జర్‌లో పెట్టకూడదు.

చార్జర్ ముందు ఒకే కరెంటు పంపి, 4.2కి చేరాక వోల్టేజీ అక్కడే నిలబెట్టి కరెంటు తగ్గించుకుంటూ, చివరికి పూర్తిగా ఆపాలి. ఎక్స్‌టార్, నైట్‌కోర్ లాంటి చార్జర్లు అలా చేస్తాయి. నీ సెల్‌కి ఒక ఆంపియర్ పెట్టు, నాలుగు గంటల పైనే పడుతుంది, పట్టనీ. కొత్త చార్జర్‌ని మొదటిసారి ఇలా పరీక్షించు: ఆకుపచ్చ లైటు వెలిగాక సెల్ తీసి, వోల్టులు కొలిచే మల్టీమీటర్‌తో చూడు. 4.15 నుంచి 4.20 ఉంటే మంచిది. 4.25 చూపిస్తే ఆ చార్జర్ వద్దు. ఆ సెల్‌ని మూడు రోజులు ఊరికే ఉంచి మళ్లీ కొలువు. 4.1 దగ్గరుంటే ఆరోగ్యంగా ఉన్నట్టు, 4 కిందికి జారితే చార్జ్ లోలోపలే కారిపోతోందన్నమాట.

పడుకునే ముందు చార్జింగ్ పెట్టి నిద్రపోకు. మంచం మీద, దూది బస్తాల పక్కన, గడ్డివాము దగ్గర వద్దు. ఒట్టి గచ్చు మీద, మనిషి మెలకువగా ఉన్నప్పుడే పెట్టు. మే నెలలో రేకుల మోటారు షెడ్డులో మధ్యాహ్నం వేడి 45 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో ఈ సెల్‌ని చార్జ్ చెయ్యకూడదు. తెల్లవారుజామున పెట్టుకో. వాడి తీసిన సెల్ వేడిగా ఉంటే చల్లారాకే ఎక్కించు. వెలుగు తగ్గుతోందని తెలిసిన వెంటనే మార్చు. పూర్తిగా ఆరేదాకా వాడావంటే సెల్ 2.5 కిందికి పోతుంది, లోపలి రాగి కరిగి, మళ్లీ చార్జ్ చేసినప్పుడు లోలోపలే షార్టయ్యే ప్రమాదముంది. వోల్టు, వోల్టున్నర చూపించే సెల్‌ని బతికించాలని చూడొద్దు.

రెండు సెల్స్ వరసగా పెట్టే టార్చి వాడితే ఒకే కంపెనీవి, ఒకేరోజు కొన్నవి వెయ్యి, ఎప్పుడూ కలిపే వాడు, కలిపే చార్జ్ చెయ్యి. కొత్తదాని పక్కన పాతది పెడితే పాతది ముందే ఖాళీ అవుతుంది, కొత్తది దాన్ని ఇంకా కిందికి లాగేస్తుంది. టార్చి బిగించిన గొట్టం కాబట్టి, లోపల గాలి పుడితే బయటికి దారుండదు.

బుస్సుమన్నా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా, చేతికి సహించనంత వేడిగా ఉన్నా మూత తియ్యాలని చూడకు. మనుషులకు దూరంగా ఆరుబయటికి విసిరెయ్. ఇంట్లోనే అంటుకుంటే ముందు అందరూ బయటికి రండి, ఆ పొగ పీల్చకూడదు. దూరం నుంచి బకెట్లకొద్దీ నీళ్లు పోయొచ్చు. నీళ్లు పోయకూడదన్న మాట వింటుంటాం గానీ, ఈ సెల్‌ని చల్లబరిచేది నీళ్లే.

పంట లేని నెలల్లో నిండా ఎక్కించి దాచకు, 3.7 దగ్గర ఆపి నీడలో పెట్టు, మూడు నెలలకోసారి కొలిచి చూడు. పాడైన సెల్ రెండు చివర్లా టేపు అంటించి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వు. చెత్తబండిలో వెయ్యకు, పొయ్యిలో అసలే వద్దు.

మల్టీమీటర్ ఇంట్లో లేకపోతే ముందు అది కొను, సెల్ తర్వాత.

మీ మామయ్య