ఆకాశరామన్న ఉత్తరం రాసేముందు

చిరంజీవి శీనుకు, మామ ఆశీస్సులు.

దొంగ సదరం సర్టిఫికెట్లతో, అంటే వైకల్యం ఉందని డాక్టర్లు రాసిచ్చే కాగితాలతో, వికలాంగుల పింఛను తీసుకుంటున్నవాళ్ల మీద కలెక్టర్‌కు ఆకాశరామన్న ఉత్తరం రాస్తున్నావంట కదా. మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నాకూ టెన్షన్‌గానే ఉంది. కానీ కాలూ చెయ్యీ బాగున్నోడు నెలకు 6000 రూపాయలు తింటుంటే చూస్తూ ఊరుకోలేని పిల్లోడు మన ఇంట్లో ఉన్నందుకు గర్వంగానూ ఉంది.

రాయి. చేతిరాత వద్దు. వాట్సాప్‌లో ఎవరికీ ఫొటో పెట్టొద్దు. పత్తికొండలో కాదు, కర్నూలుకు వచ్చి పోస్టు చెయ్యి.

మండలాఫీసులో పనిచేసినోణ్ణి కాబట్టి చెప్తున్నా. కలెక్టర్‌కు రాసిన కాగితం అక్కడే ఉండదు. విచారణకని మండలానికి వస్తుంది, అక్కణ్ణుంచి మీ ఊరి సచివాలయానికే దిగుతుంది. నువ్వు ఎవరి మీద రాశావో వాళ్ల బావమరిదే దాన్ని చదవొచ్చు.

నా సర్వీసులో ఒక ఊర్లో ఇట్లే జరిగింది. టమాటా గంపలు మోసే ఒకామె చెవిటిది కాదు, దొంగ పింఛను తీసుకుంటోందని ఎవడో పేరు లేకుండా రాశాడు. 'బ్యాంకులో నేను ఆమె వెనకాలే నిలబడినా, క్యాషియర్ అడిగినదానికల్లా జవాబు చెప్పింది' అని అందులో ఒక ముక్క. విచారణకొచ్చిన ఆఫీసరు దాన్ని రచ్చకట్ట మీద పైకి చదివాడు. వెనకాల నిలబడింది ఎవరో ఊరందరికీ తెలిసిపోయింది. ఆ పిల్లోడు తలెత్తుకోలేక ఊరే విడిచాడు. అంతకన్నా ఘోరం ఇంకొకటి. ఆఫీసరు ఎదురుగా ఉండి అడిగితే ఆమె చక్కగా చెప్పింది. ఆయన కాగితం కోసం అటు తిరిగి అదే ప్రశ్న అడిగితే పలకలేదు. ఆయన మళ్లీ ఇటు తిరిగేదాకా పెదాల కోసమే చూస్తా నిలబడింది. అయినా విచారణ తేలేదాకా పింఛను ఆపేశారు. ఆమె ఆఫీసు మెట్ల మీద కూర్చోని ఉంటే నేను ఎన్నిసార్లు దాటుకోని పోయినానో. సర్టిఫికెట్లు అమ్మే దళారికి మాత్రం ఏమీ కాలేదు.

అందుకే అబ్బీ, కంటికి కనిపించలేదని వైకల్యం లేదనుకోవద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి. వాటిలో మతిస్థిమితం లేకపోవడం, తలసీమియా కూడా ఉన్నాయి. దొంగతనంగా లబ్ధి పొందినోడికి అదే చట్టం కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. నువ్వు రాసే ఒక్కో పేరుకు అంత బరువుంది.

కాబట్టి దళారి మీద రాయి. ఎవరెవరిని తీసుకుపోయాడు, ఏ నెలలో, ఏ ఆస్పత్రికి, ఎంత తీసుకున్నాడు, అవి రాయి. వాళ్లకు మెడికల్ బోర్డుతో మళ్లీ పరీక్ష చేయించమని అడుగు. పింఛను ఆపమని మాత్రం అడగొద్దు. పేరు లేని ఫిర్యాదును కేంద్ర విజిలెన్స్ కమిషనే పక్కన పెడుతుంది. 2014 నాటి ఫిర్యాదుదారుల రక్షణ చట్టం కూడా పేరు చెప్పనోడిది తీసుకోదు. అందుకే నువ్వెవరో తెలియకపోయినా ఆఫీసరు రికార్డు తీసి సరిచూసుకునేట్టు ఉండాల. నీకొక్కడికే తెలిసిన సంగతి ఏదైనా ఉంటే, అది ఎంత గట్టి సాక్ష్యమైనా సరే, కొట్టెయ్.

ఆదివారం కాగితాలు తీసుకోని ఇంటికి రా. ఇద్దరం కూర్చోని రాద్దాం. అంతదాకా ఎవరితోనూ వాదన పెట్టుకోవద్దు. మీ అమ్మకు నేను చెప్పుకుంటాలే.

మీ మామ