ఈసాప్ ఖర్చు ఎవరి జేబులోకి పోయింది?

ప్రశ్న: నేనొక లిస్టెడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. మూడేళ్ల కిందట, షేరు ధర 400 ఉన్నప్పుడు, అదే ధరకి కొనుక్కోవచ్చంటూ నాకు 900 ఈసాప్‌లు (ఉద్యోగులకిచ్చే షేరు ఆప్షన్లు) ఇచ్చారు. ఇప్పుడు షేరు 280 దగ్గర ఉంది. మాకు రూపాయి రాలేదు, వార్షిక నివేదికలో మాత్రం ఈసాప్‌ల పేరుతో ఏటా కోట్లలో ఖర్చు చూపిస్తున్నారు. ఆ డబ్బు ఎవరు తిన్నట్టు?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఎవరూ తినలేదండీ, అసలు డబ్బు కదిలితే కదా! మీకు ఆప్షన్లు ఇచ్చిన రోజున వాటి విలువ ఎంతో లెక్కగట్టి, దాన్ని మీ జీతంలో భాగంగానే ఖర్చు రాస్తారు. అంతే మొత్తాన్ని అటువైపు ఈక్విటీలో, అంటే వాటాదారుల సొమ్ములో, ఒక రిజర్వుగా చూపిస్తారు. బ్యాంకు ఖాతాకి దీంతో సంబంధం లేదు. మన దేశపు అకౌంటింగ్ ప్రమాణాల్లో (ఇండ్ ఏఎస్) 102వది చెప్పే పద్ధతి ఇదే.

షేరు 400, కొనే ధరా 400 అయితే ఇక విలువేముంది అంటారేమో. ఒకప్పుడు అలాగే అనుకునేవాళ్లు. అమెరికాలో 1972 నాటి నియమం ప్రకారం ఇలాంటి ఆప్షన్లకి ఖర్చు సున్నా. 90ల్లో దాన్ని మార్చబోతే కంపెనీలూ సెనేటర్లూ కలిసి నానా గొడవ చేశారు, చివరికి ఖర్చు రాయకపోయినా నోట్సులో చూపిస్తే చాలన్నారు. 2004లో గానీ అక్కడా, అంతర్జాతీయ ప్రమాణాల్లోనూ ఖర్చు రాయడం తప్పనిసరి కాలేదు. మన దగ్గర ఇండ్ ఏఎస్ 2016 నుంచి విడతలవారీగా వచ్చింది. దాని వెనక ఆలోచన సులువే: షేరు పెరిగితే లాభం మీది, పడితే మీకు నష్టం లేదు, అలాంటి హక్కు బజారులో ఎవరూ ఊరికే ఇవ్వరు. షేరు ధర, గడువు, ధర ఎంతగా ఊగిసలాడుతుంది, వడ్డీ రేటు, డివిడెండ్ ఇవన్నీ బ్లాక్-షోల్స్ లాంటి సూత్రంలో పెట్టి దాని ఖరీదు తేలుస్తారు.

ఒక్కో ఆప్షన్ 120 రూపాయలని తేలిందనుకుందాం. మొత్తం 1,08,000. ఏటా 300 ఆప్షన్ల చొప్పున వెస్ట్ అయితే, అంటే వాడుకునే హక్కు మీ చేతికొస్తే, ఏడాదికి 36,000 అని సమంగా పంచేస్తారనుకుంటాం గానీ అలా కాదు. మొదటి 300 ఖర్చు అంతా తొలి ఏడాదిదే, రెండో 300 ఖర్చు రెండేళ్లకి, మూడోది మూడేళ్లకి పరుస్తారు. అంటే తొలి ఏడాది 36,000, 18,000, 12,000 కలిపి 66,000, రెండో ఏడాది 30,000, చివర 12,000. కొత్తగా ఆప్షన్లు పంచిన ఏడాది కంపెనీ లాభం దెబ్బతిన్నట్టు కనబడేది ఇందుకే.

ఆ తర్వాత షేరు 280కి పడినా, 800కి ఎగిరినా ఆ 120 మారదు. వెస్ట్ కాకముందే మీరు రాజీనామా చేస్తే, వెస్ట్ కాని వాటికి అప్పటిదాకా రాసిన ఖర్చు వెనక్కి తీస్తారు. వెస్ట్ అయ్యాక మీరు వాడుకోక గడువు దాటితే మాత్రం వెనక్కి తీయరు, రిజర్వులోంచి ఈక్విటీలోనే ఇంకో ఖాతాకి మారుస్తారు. మీ పని కంపెనీకి అందింది కదా, దాని ఖర్చు ఖర్చే. మీకు ఏమీ మిగలకపోవడం అన్యాయంగా అనిపించొచ్చు, నిజమే, కానీ ఆ బాధ లెక్కల పుస్తకానికి పట్టదు.

ప్రశ్న: పేటీఎం వ్యవస్థాపకుడు విజయ్ శేఖర్ శర్మ 2025 ఏప్రిల్‌లో తన 2.1 కోట్ల ఈసాప్‌లు వదులుకున్నారు. ఖర్చు తగ్గాల్సింది పోయి, 2024-25 చివరి త్రైమాసికంలో 492 కోట్ల ఖర్చు అదనంగా పడిందట. ఇదేం లెక్క?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఉద్యోగం మానేసి ఆప్షన్లు పోగొట్టుకోవడం వేరు, ఉద్యోగంలో ఉంటూనే వాటిని రద్దు చేసుకోవడం వేరు. మొదటిదానిలో ఖర్చు వెనక్కి వస్తుంది. రెండోదానిలో రాబోయే ఏళ్లలో రాయాల్సిన మిగతా ఖర్చంతా ఒక్కసారే రాసేయాలి, ఆ 492 కోట్లు అలా వచ్చినవే. ఆ తర్వాతి ఏళ్లలో ఆ మేరకు భారం తగ్గుతుంది. వినడానికి తలకిందులుగా ఉన్నా నాకు ఈ నియమం సబబే అనిపిస్తుంది, లేదంటే షేరు పడిపోయిన ప్రతి కంపెనీ పాత ఆప్షన్లు రద్దుచేసి ఖర్చు తుడిచేసుకుంటుంది. అన్నట్టు, పేటీఎం లాంటి కంపెనీలు 'ఈసాప్ ఖర్చుకి ముందు' అంటూ ఒక లాభం విడిగా చూపిస్తాయి. నగదు పోలేదన్నమాట నిజమే గానీ, కొత్త షేర్లు వస్తే పాత వాటాదారుల వాటా పలచబడుతుంది, కాబట్టి ఆ ఖర్చు తీసేశాక మిగిలే అంకె కూడా చూడండి.

ప్రశ్న: మా కంపెనీ షేర్లు ఇవ్వదట, షేరు ఎంత పెరిగితే అంత నగదు ఇస్తుందట. లెక్క ఇదేనా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కాదు. అది కంపెనీ మీకు తీర్చాల్సిన అప్పు కింద లెక్క. ప్రతి త్రైమాసికం ఫలితాలప్పుడు విలువ మళ్లీ కట్టాలి, షేరు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, పడితే తగ్గుతుంది. చివరికి పుస్తకంలో మిగిలే ఖర్చు మీ చేతికొచ్చిన డబ్బుతో సమానం.