రాజా మర్దనకు ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మా ల్యాబ్రడార్ రాజాకు పదకొండేళ్లు. తుంటి కీళ్లు అరిగి లేవడానికి అవస్థ పడుతున్నాడు. బరువు కూడా ఎక్కువే. పశువైద్యుడు మందులు రాసి, మర్దన చేయించమన్నారు. ఇంటికి వచ్చి చేసే ఆయన ఒక్కసారికి 900 రూపాయలు తీసుకుంటారు, వారానికి రెండుసార్లు కావాలంటున్నారు. 50 సార్లకు ముందే కడితే 36,000 అట. నా జీతం 62,000, ఇంటి అప్పు వాయిదా 23,000. అత్యవసరానికి దాచిన లక్షన్నర ఎఫ్‌డీలోంచి తీయవచ్చా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఎఫ్‌డీ కదపకండి. మర్దన మాత్రం మానకండి.

ముందే కడితే 9,000 మిగులుతుంది, నిజమే. కానీ అది 25 వారాల ఒప్పందం. రెండో వారానికే రాజా ఒళ్లు తాకనివ్వకపోతే, డాక్టర్ ఆపమంటే మిగతా సొమ్ము తిరిగి ఇస్తామని రాసిచ్చారా? ఈ వయసు కుక్కకు ఏ సారికి ఆ సారి చెల్లించడమే క్షేమం. ఇక వారానికి రెండుసార్లంటే నెలకు 7,800. వాయిదా పోగా మీ చేతికొచ్చే 39,000లో అయిదో వంతు అది.

మొదటి నాలుగు వారాలు వారానికి ఒకసారి చాలు, 3,600 అవుతుంది. ఆయన చేస్తుంటే పక్కనే కూర్చుని నేర్చుకోండి. వెనక కాళ్లు నొప్పిగా ఉన్న కుక్క బరువంతా ముందుకు వేస్తుంది, అందుకే భుజాలూ పట్టేస్తాయి. ఎక్కడ నిమరాలో, ఎక్కడ నొక్కకూడదో అడగండి. ఆ తర్వాత రోజూ పది నిమిషాలు మీరే చేయండి, ఆయన పదిహేను రోజులకోసారి వస్తే చాలు. నెలకు దాదాపు 1,950. డాక్టర్‌కు ఈ పద్ధతి చెప్పి సరేననిపించుకోండి.

ఖర్చులేని మందు ఒకటుంది: బరువు తగ్గించడం. అమెరికాలో 48 ల్యాబ్రడార్లను జీవితాంతం గమనించిన అధ్యయనంలో, పావు వంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల బాధ కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. ఇంట్లో టైల్స్ జారుతుంటే రాజా తిరిగే దారిలో రబ్బరు చాపలు పరవండి.

బీమాపై ఆశ పెట్టుకోకండి. ముందే ఉన్న జబ్బుకు పరిహారం రాదు, ఈ వయసులో కొత్త పాలసీ దొరకడమూ కష్టమే. ఆరోగ్య బీమాకు ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు పెంపుడు జంతువులకు వర్తించదు. నెలకు 3,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. నొప్పి మాత్రలు చాలాకాలం వాడే కుక్కకు కాలేయం, మూత్రపిండాల పరీక్షలు తప్పవు, ఆ డబ్బు వాటికి. పొదుపు పేరుతో మనుషుల ఇబుప్రోఫెన్ మాత్రం ఎప్పుడూ వేయకండి, కుక్కలకు అది ప్రాణాంతకం. ఏదో ఒక రాత్రి రాజా అసలే లేవలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆ ఎఫ్‌డీ ఉండాలి.