డిగ్రీలో జెనెటిక్స్ చెబుతూ ‘అంతా జీన్సే’ అన్న నమ్మకం పెరగకుండా ఎలా చూడాలి?

మెండెల్ పాఠం అయ్యేసరికి మా పిల్లలు ‘తెలివి, షుగర్, కోపం అన్నీ జీన్స్‌లోనే రాసిపెట్టి ఉంటాయి’ అంటున్నారు, ఏం చేయాలి అని మీరు అడిగారు. నేను గోదావరి జిల్లాలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతాను. నాకు తెలిసినంతలో ఈ చిక్కు చాలావరకు పాఠాల వరసతోనే వస్తుంది. మొదటి యూనిట్ నిండా మెండెల్ బఠానీల రెండో తరంలో కనిపించే 3:1 నిష్పత్తి నూరిపోసి, సిలబస్ ముగిసే వారంలో ‘పరిసరాల ప్రభావమూ ఉంటుంది’ అని ఒక పేరా చదివితే వాళ్లకు మిగిలేది 3:1 ఒక్కటే.

అందుకని బఠానీ కంటే ముందు వరి చెబుతాను. మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ రకం మా వైపు పిల్లలకు కొత్త కాదు, 7029 అనాలి అంతే. ముంపును తట్టుకోవడానికి పనికొచ్చే సబ్1ఏ అనే జన్యువును సంకరణంతో దానిలోకి చేర్చిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఆ జన్యువు ఒడిశా పాత వరి రకం ఎఫ్‌ఆర్ 13ఏ నుంచి తెచ్చింది. ఈ రెండూ పక్కపక్క మడుల్లో వేస్తే ఏమవుతుంది? ముంపు రాని ఏడాది దిగుబడిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అదే చేను పది పన్నెండు రోజులు పూర్తిగా మునిగిందనుకోండి. మామూలు స్వర్ణ నీళ్లపైకి రావాలని కాడ సాగదీసి, దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టేసి, నీళ్లు తీసేసరికి చతికిలబడుతుంది. సబ్1 రకం ఎదుగుదల ఆపుకొని ఉండి, నీళ్లు తగ్గాక మళ్లీ చిగురిస్తుంది.

ఇక్కడికి వచ్చేసరికి ‘అయితే సబ్1ఏ మంచి జీన్ కదా మేడమ్’ అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు నెలల తరబడి లోతు నీళ్లు నిలిచే చోట్ల పండే వరి సంగతి ఎత్తుతాను. ఆ వరిలో స్నార్కెల్ జన్యువులు సరిగ్గా ఎదురు పని చేస్తాయి, నీటిమట్టంతో పాటు కాడనూ పెంచుకుంటూ పోతాయి. అక్కడ ఎదగకుండా ఊరుకున్న మొక్క బతకదు. విచిత్రం ఏమిటంటే రెండు చోట్లా సంకేతం ఒకటే, మునిగిన మొక్కలో పేరుకునే ఎథిలీన్ అనే వాయువు. నీళ్లు ఎన్నాళ్లు ఉంటాయో తెలియకుండా ఏ జన్యువు మంచిదో చెప్పలేమన్న మాట పిల్లల నోటి నుంచే రావాలి. దానికి ఒక పీరియడ్ మొత్తం పోయినా నాకు బాధ లేదు.

తర్వాతే మెండెల్. బఠానీ గింజలు అచ్చంగా పసుపు, ఆకుపచ్చ రెండు రంగుల్లోనే ఉండవని, మధ్యలో ఎన్నో ఛాయలు ఉంటాయని ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త వెల్డన్ 1902లోనే ఫోటోలతో సహా చూపించాడు. ఆ దారిలో పాఠం నడిపితే ఎలా ఉంటుందో ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో జేమీసన్, రాడిక్ పరీక్షించి 2017లో ప్రచురించారు. అలా చదివిన విద్యార్థుల్లో ‘అంతా జన్యువులే’ అన్న ధోరణి తగ్గింది, మామూలు పద్ధతిలో చదివినవాళ్లలో తగ్గలేదు. చిన్న ప్రయోగమే అనుకోండి, అయినా నేను క్లాసులో చూస్తున్నదీ అదే.

ప్రాక్టికల్స్ సంగతి కూడా చూసుకోండి. నాలుక దొన్నెలా మడవడం బహిర్గత (డామినెంట్) లక్షణమని ఇప్పటికీ రికార్డుల్లో రాయిస్తున్నారు. 1940లో ఆ మాట చెప్పింది అమెరికా జన్యుశాస్త్రవేత్త స్టర్టెవాంట్. 1952లో సమరూప కవలల్లో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాని జతలు బయటపడ్డాయి. ఇది ఇంకా పుస్తకాల్లో మెండెల్ లక్షణంగా ఉండటం తనకే ఇబ్బందిగా ఉందని 1965లో స్టర్టెవాంటే రాశాడు. మన రికార్డులకు ఆ కబురు ఇంకా అందలేదు! నేను ఆ ప్రాక్టికల్ తీసేయలేదు. అదే డేటా ఇచ్చి ‘దీన్నిబట్టి ఏం చెప్పలేం?’ అని రాయిస్తాను. అమ్మానాన్నలకు రానిది నాకెలా వచ్చిందని లోలోపల టెన్షన్ పడే పిల్లలకు అది ఊరట కూడా.

మేనరికం ప్రశ్న ఎలాగూ వస్తుంది. క్లాసులో మేనరికపు పెళ్లికి పుట్టినవాళ్లు ఎప్పుడూ ఉంటారు, మాట జాగ్రత్తగా వాడాలి. పుట్టుకతో వచ్చే తీవ్రమైన లోపాలు మామూలుగా వందలో రెండు మూడు కాన్పుల్లో కనిపిస్తే, మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్లిలో దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయని అంచనా. ఈ అంకె బోర్డు మీద రాసి వదిలేస్తాను. ‘ఏమీ కాదు’ అనేవాళ్లూ, ‘కచ్చితంగా జబ్బే’ అనేవాళ్లూ వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు.

అలాగని జన్యువులను తీసిపారేయకూడదు. ఒక్క జన్యువు మారితే చాలు వచ్చే హంటింగ్టన్ వ్యాధి లాంటివి ఉన్నాయి, అవీ చెప్పాలి. దాని వెంటనే ఫినైల్‌కీటోనూరియా చెప్పండి. తిండిలోని ఫినైల్అలనిన్ అనే పదార్థాన్ని ఒంట్లో మార్చడానికి కావలసిన జన్యువు రెండు ప్రతులూ చెడినా, పుట్టిన కొద్దిరోజుల్లోనే గుర్తించి ఫినైల్అలనిన్ తక్కువ ఉండే ఆహారం పెడితే మెదడు దెబ్బతినకుండా కాపాడవచ్చు.

ఇంటర్నల్స్‌లో ఒక ప్రశ్న మీ చేతిలో ఉంటుంది కదా. ‘ఇంట్లో అందరికీ షుగర్ ఉంది, నాకూ తప్పదు అని స్నేహితుడు అన్నాడు, అతన్ని ఏ వివరాలు అడుగుతారు?’ లాంటిది ఇవ్వండి. జవాబు చెప్పమనకుండా ఏం అడుగుతారో రాయమంటే గైడు బట్టీ పనికిరాదు. చెకర్‌బోర్డులు (సంకరణ ఫలితాలు లెక్కగట్టే గళ్ల పట్టికలు) గీయించడం మాత్రం మానకండి, యూనివర్సిటీ పేపర్లో వచ్చేవి అవే.