నాన్నగారికి షుగరూ బీపీ ఉన్నాయి, ప్యాకెట్ సరుకుల్లో ఏం చూసి కొనాలి?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి అండి. మా అమ్మకీ ఆ రెండూ ఉన్నాయి, ఇంట్లోకి సరుకులు తెచ్చేది నేనే. కాబట్టి నేను చూసేవి చెప్తాను.

ప్యాకెట్ వెనక్కి తిప్పి పదార్థాల పేర్లు చదవండి. బరువులో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి. ఇక్కడ కొన్నా, పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో కొన్నా ఇదే రూలు. మొన్న చోడి (అంటే రాగి) బిస్కెట్లు చూశాను. అట్ట మీద నిండుగా చోడి వెన్నులు. వెనక మొదటి పేరు 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్', అంటే మైదా. తర్వాత చక్కెర, పామాయిల్. చోడిపిండి నాలుగోది, పక్కనే బ్రాకెట్లో 9 శాతం! బొమ్మేసి గొప్ప చెప్పుకున్న పదార్థం ఎంత శాతముందో రాసి తీరాలి కాబట్టి ఆ అంకె అక్కడుంది, లేకపోతే మనకి చెప్పేవారు కారు. ఆ డబ్బుకి సంతలో చోళ్ళు కొని ఆడించుకోవడం నయం.

లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్ అని ఉంటే అవీ చక్కెర కిందే లెక్క. మాల్టోడెక్స్‌ట్రిన్ తియ్యగా ఉండదు గానీ రక్తంలో షుగర్‌ని గబగబా పెంచుతుంది.

బీపీకి చూడాల్సింది సోడియం. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 100 గ్రాముల మిక్చర్‌లో 800 మిల్లీగ్రాముల సోడియం ఉందంటే 2 గ్రాముల ఉప్పన్నమాట. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అప్పడాల ప్యాకెట్ కూడా ఓసారి తిప్పి చూడండి, మతిపోతుంది.

'ఒక సర్వింగ్‌కి' అని రాసిన అంకెలు చూసి సంబరపడొద్దు. సర్వింగ్ అంటే 30 గ్రాములని పెడతారు, పేకాట దగ్గర కూర్చుంటే ప్యాకెట్ మొత్తం ఖాళీ అవుతుంది. రెండు రకాలు పోల్చాలంటే 100 గ్రాముల వరసే చూడండి.

మా అమ్మకి తెలుగు, ఒడియా తప్ప చదవడం రాదు. లేబుళ్ళేమో ఎక్కువగా ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటాయి. ఇంగ్లిష్‌లో 'సోడియం', 'షుగర్' ఎలా కనిపిస్తాయో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిచ్చాను. ఆ పోలిక పట్టుకుని పక్కనున్న అంకె చూసుకుంటుంది. కొట్టతను విసుక్కుంటాడు, అది వేరే సంగతి.

విడిగా తూచి ఇచ్చే మిక్చర్, చేగోడీలకి లేబులే ఉండదు. వాటి బదులు మేం ఇంట్లోనే మరమరాలు వేయించుకుంటున్నాం.

ఇంకొకటి. 'లో సోడియం' ఉప్పులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ ఇబ్బంది ఉన్నా, బీపీకి మాత్రలు వేసుకుంటున్నా డాక్టరుగారిని అడక్కుండా అది వాడొద్దు.