సూదితో అడ్రినల్ గడ్డకు చికిత్స: సర్జరీ తీసుకోవాలా, రేడియాలజీయా?

ప్రశ్న: మా అమ్మాయి హౌస్ సర్జన్‌గా చేస్తోంది. కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలోని గడ్డను సీటీ స్కాన్‌లో చూస్తూ సూదితో కాల్చడం చూసినప్పటి నుంచి తనూ అదే చేస్తానంటోంది. పీజీలో జనరల్ సర్జరీ తీసుకోవాలా, రేడియాలజీయా? రిపోర్టులు రాసే బ్రాంచిలో రోగికి వైద్యం చేసే వీలుంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది. మీ అమ్మాయి చూసినది ఇంటర్వెన్షనల్ రేడియాలజీ. నీట్ పీజీ లేదా ఐఎన్‌ఐ సెట్ రాసి మూడేళ్ల ఎండీ రేడియో డయాగ్నసిస్‌లో గానీ దానికి సమానమైన డీఎన్‌బీలో గానీ చేరి, ఆ తర్వాత నీట్ ఎస్‌ఎస్ లేదా ఐఎన్‌ఐ ఎస్‌ఎస్ ద్వారా మరో మూడేళ్లు ఇంటర్వెన్షనల్ రేడియాలజీలోనే డీఎం లేదా డీఆర్‌ఎన్‌బీ అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు చేయడం దీనికి ప్రధానమైన దారి. జనరల్ సర్జరీ వైపు వెళ్తే ఈ దారి దాదాపు మూసుకుపోతుంది.

అయితే ఒక్క ఈ చికిత్సను చూసి బ్రాంచి ఎంచుకోవద్దని నా సలహా. ఒకవైపు అడ్రినల్ గ్రంథిలో మాత్రమే హార్మోన్లను అధికంగా వదిలే గడ్డ ఉంటే నేటికీ మొదటి ఎంపిక లాప్రోస్కోపిక్ ఆపరేషనే. ఆపరేషన్‌ను తట్టుకోలేని వారికి, ఊపిరితిత్తి లేదా కిడ్నీ క్యాన్సర్ అడ్రినల్‌కు పాకిన కొందరికి సూది చికిత్స చేస్తారు. 2025లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో బీపీని పెంచే ఆల్డోస్టిరాన్ హార్మోన్‌ను వదిలే గడ్డలున్న 28 మందికి ఎండోస్కోపీ ద్వారా, జీర్ణాశయం గోడ మీదుగా ఎడమ అడ్రినల్‌ను చేరి చికిత్స చేశారు. ఆశ కలిగించే ఫలితాలే అయినా అది చిన్న అధ్యయనం.

ఈ పనిలో నేర్పు సూది దించడంతో ముగియదు. గడ్డ పక్కనున్న మామూలు అడ్రినల్ కణజాలం వేడెక్కితే అడ్రినలిన్ వంటి హార్మోన్లు ఒక్కసారిగా రక్తంలోకి విడుదలై, చూస్తుండగానే సిస్టోలిక్ బీపీ 200 దాటవచ్చు. అందుకే ధమనిలో గొట్టం పెట్టి క్షణక్షణం బీపీ చూసే మత్తు వైద్యుడు పక్కనే ఉంటారు, పెరిగిన వెంటనే కాల్చడం ఆపి మందులు ఇస్తారు. అడ్రినలిన్ వంటి హార్మోన్లను వదిలే ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ అయితే ముందుగానే రక్తనాళాలను సడలించే ఆల్ఫా బ్లాకర్లు మొదలుపెట్టాలి, ఆ తర్వాతే అవసరాన్ని బట్టి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు; ఈ వరుస తప్పితే ప్రాణాపాయం. ఏ వైపు గ్రంథి ఆల్డోస్టిరాన్‌ను అధికంగా వదులుతోందో తేల్చే సిరల పరీక్ష కూడా ఈ విభాగానిదే. కుడి అడ్రినల్ సిర చాలా పొట్టిగా ఉండి నేరుగా పెద్ద సిరలోకి తెరుచుకోవడంతో, అనుభవజ్ఞులకు కూడా దానిలోకి కేథటర్ అనే సన్నని గొట్టం పెట్టడం కష్టమే. కాబట్టి ఎండోక్రైనాలజీ, మందుల పరిజ్ఞానం మీద శ్రద్ధ లేనివారికి ఈ రంగం కలిసిరాదు.

రోజువారీ పనిలో ఎక్కువ భాగం బయాప్సీలు, చీము తీసే గొట్టాలు, పిత్తనాళాల అడ్డంకులు, రక్తనాళాన్ని మూసి రక్తస్రావం ఆపే ఎంబోలైజేషన్లే. అర్ధరాత్రి పిలుపులూ తప్పవు. వీటిపై ఇష్టం ఉంటే మీ అమ్మాయిని నిశ్చింతగా రేడియాలజీకి పంపండి. రేడియేషన్ గురించి మీకు బెంగ ఉండవచ్చు. లెడ్ ఏప్రన్, డోసు కొలిచే బ్యాడ్జీ క్రమం తప్పక వాడితే పరిమితుల్లోనే ఉంటుంది.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు మాత్రం ఆ కాలేజీలో చదువుతున్న పీజీలతో ఆమెనే మాట్లాడమనండి. సీటీ గైడెడ్ బయాప్సీలు రేడియాలజిస్టులే చేస్తారా, రక్తనాళాలను ఎక్స్‌రేలో చూపే డీఎస్‌ఏ యంత్రం పనిచేస్తోందా, రెండో ఏడాదిలో విద్యార్థి చేతికి సూది ఇస్తారా అని అడగాలి.